బట్ట తాగాల్సిన పాలు

మునిరత్నమ్మను ఎవరైనా ఏదైనా అడిగితే, ఆమె అడిగినవాళ్ల మొహం చూసేది కాదు, చేతులు చూసేది. చేతులు ఖాళీగా ఉన్నాయంటే చాలు, వాటిలో ఒక పని పెట్టేది. "ముందు ఇది కానియ్యి మే, నీ మాట యాడికీ పారిపోదు" అనేది. పని అయ్యేసరికి కొందరు అడిగిన సంగతే మరిచిపోయేవాళ్లు. కొందరికి జవాబు ఆ పనిలోనే కాళ్లకు తగిలేది. అప్పటికీ తెలియక మళ్లీ వచ్చి నిలబడినవాళ్లకు మాత్రం వక్కాకు నములుతూ ఒక్క మాట చెప్పేది. అది కూడా సగమే చెప్పి, మిగతా సగం బుగ్గన పెట్టుకునేది.

కాళహస్తిలో, స్వర్ణముఖి ఒడ్డుకు దగ్గరగా, ఆమెకొక రేకుల కొట్టం ఉండేది. అందులో కలంకారీ పని జరిగేది. వెదురు పుల్ల చివర ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. దాంతో బట్ట మీద దేవుళ్లనీ, చెట్లనీ, చిలకల్నీ గీసి, కాయల నుంచీ వేళ్ల నుంచీ బెరళ్ల నుంచీ తీసిన రంగులు వేస్తారు. ఆ విద్య ఆమెకు మామగారి దగ్గర అబ్బింది. ఇప్పుడు ఆ వీధి ఆడవాళ్లు కొందరికి తానే నేర్పుతోంది. వాళ్లందరికీ ఆమె పెద్దమ్మ.

ఆ నేర్చుకునేవాళ్లలో కస్తూరి ఒకతె. ముప్పై దాటిన మనిషి. మాట నెమ్మది, చెయ్యి అంతకన్నా నెమ్మది. కానీ ఆ చెయ్యి ఒక్క గీత గీసి చూపిస్తే, మిగతావాళ్లు తమ గీతల మీద కొంగు కప్పుకునేవాళ్లు.

అంతకు ముందు ఒక వానాకాలంలో కస్తూరికి జబ్బు చేసింది. జ్వరం కాదు, కడుపునొప్పి కాదు, మనసుకు వచ్చిన జబ్బు. ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు, కొత్తగా ఏ కష్టమూ వచ్చి పడలేదు. ఊరికే వచ్చింది. ఆ రోజుల్లో ఒక చిన్న మాట ఆమె చెవిన పడితే, అది పడిన చోట ఉండేది కాదు. కూరలో ఉప్పు తక్కువైందని మొగుడు దామోదరం అన్నాడనుకోండి. పొద్దెక్కేసరికి ఆ మాట 'నాకు వంట రాదు' అయ్యేది. భోజనాల వేళకు 'నాకు ఏదీ రాదు' అయ్యేది. దీపం పెట్టే పొద్దుకు 'నేనసలు ఎందుకున్నాను' అయ్యి, ఇల్లంతా నిండిపోయేది. తల దువ్వుకోవడం మానేసింది. పొయ్యి మీద ఎసరు పొంగి మంట ఆరిపోతున్నా, అది వేరే ఎవరి ఇంటి పొయ్యో అన్నట్టు చూస్తూ కూర్చునేది.

అత్తగారు భయపడి, గాలి సోకిందని, తాయెత్తు కట్టే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన కస్తూరి మొహంలోకి చాలాసేపు చూశాడు. తాయెత్తు కట్టాడు. కట్టి, "నా పని నేను చేసినానమ్మా. ఇంక మీ పని మీరు చెయ్యండి. బిడ్డను రేపే ఆస్పత్రికి పిలుచుకుపోండి" అన్నాడు. అట్లా చెప్పే తాయెత్తు సామి ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే.

తిరుపతిలో డాక్టరమ్మ అంతా విన్నది. "ఇది దయ్యం కాదు, ఒళ్లు బద్ధకం కాదు, జబ్బు. నయమయ్యే జబ్బే" అని చెప్పి మాత్రలు రాసింది. అక్కడే ఇంకొక అమ్మాయి ఉండేది. ఆ అమ్మాయి పని మాట్లాడించడం. మొదట్లో కస్తూరి ఆ అమ్మాయి ముందు కొంగు చివర మడతపెట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుని వచ్చేసేది. పోగా పోగా, మాటలు ఒకటొకటే బయటికొచ్చాయి. మాత్రలు ఒకవైపు, మాటలు ఒకవైపు పట్టి లేవదీస్తే, మనిషి మెల్లగా లేచింది. ఒక రోజు అన్నం తింటూ, చింతపండు పచ్చడి నాలుక్కి తగలగానే, వింత చూసినదానిలా "ఏమయ్యో, పుల్లగా ఉండాది!" అని కేకేసింది. దామోదరం ఆ పచ్చడి వైపు చూసి, పెళ్లాం వైపు చూసి, కారం తగిలినట్టు కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాతనే కస్తూరి పెద్దమ్మ కొట్టంలో చేరింది. చేరింది మొదలు నవ్వడం కూడా నేర్చుకుంది. ఎందుకంటే అక్కడ గోవిందమ్మ ఉంది, గోవిందమ్మ ఉన్న చోట నవ్వకుండా ఉండటం ఎవరి వల్లా కాదు.

ఇట్లా అంతా బాగున్న రోజుల్లోనే ఎదురింటి వల్లియమ్మ, కొళాయి దగ్గర, పదిమంది వింటుండగా అడిగింది. "ఏం కస్తూరీ, ఇంకా ఆ మాత్రలు మింగతానే ఉండావా? రాయి మాదిరి ఉండావు గదా! చూసినోళ్లు పిచ్చి మాత్రలంటారు మే, మానుకో."

చెడ్డతనంతో అన్న మాట కాదు. చెడ్డతనంతో అనే మాటలకు మనిషి తలుపు వేసుకుంటుంది. మంచితనంతో అన్న మాటే ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఆ పూట నుంచి కస్తూరి మాత్రను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కే మింగడం మొదలుపెట్టింది. రెండో ముక్క తులసికోట సందులో దోపేది. మొగుడికి చెప్పలేదు. డాక్టరమ్మ దగ్గరికి పోవలసిన రోజు దగ్గరపడుతోంది. ఈసారి పోకూడదని, ఇంక ఆ సగం కూడా మానేయాలని గట్టిగా అనుకుంది. కానీ అనుకున్నాక నెమ్మది దొరకలేదు. అందుకని పెద్దమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, నాకొక సంగతి తెలియక అడగతా ఉండాను. నేను బాగుపడితే మాత్రలెందుకు? మాత్రలు వేసుకుంటా ఉంటే బాగుపడినట్టు ఎట్లా? మాత్ర మింగి నవ్వితే, ఆ నవ్వు నాదా, మాత్రదా?"

మునిరత్నమ్మ ఆమె చేతులు చూసింది. ఖాళీగానే ఉన్నాయి.

"సీతమ్మ పెళ్లి బట్టకు రేపు పసుపు వెయ్యాల. ఈ పూట దానికి పాలు పట్టించు. నేను ఏటి దగ్గర ఆరేసిన బట్టలు చూసుకోని వస్తా" అని చెప్పి, కొంగు దోపుకుని వెళ్లిపోయింది.

ఇక్కడ ఆ పాల సంగతి కొంచెం చెప్పాలి. ఉత్త బట్ట మీద కలం పెడితే గీత నిలబడదు. సిరా చుక్క ఇంకుడు కాగితం మీద పడినట్టు నాలుగు పక్కలకూ పాకుతుంది. అందుకని బట్టను ముందు కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదె పాలల్లో తడిపి, పిండి, ఎండబెడతారు. ఆ పాలల్లో ఉన్న జిడ్డు బట్ట పోగుపోగునా పట్టుకుని, రంగును గీసిన చోటనే ఉండమంటుంది. అయితే ఒకసారి పట్టిస్తే సరిపోదు. నల్ల గీతలు గీశాక, ఎర్రరంగులో ఉడికించి ఏట్లో ఉతికితే, ఆ పాలు కాస్తా పోతాయి. తర్వాతి రంగుకు ముందు బట్టకు మళ్లీ పాలు పట్టాలి. "ఉతికిన బట్ట మళ్లీ పసిబిడ్డే మే. ఎంత ముద్దుగా కనపడినా పాలడగతాది" అని పెద్దమ్మ చెప్పేది.

సీతమ్మ పెళ్లి బట్ట చాలా పెద్దది. పుత్తూరు దగ్గర ఒక కల్యాణ మండపం వాళ్లు, పెళ్లిపీటల వెనక గోడకు కట్టడానికి చెప్పి చేయించుకుంటున్నది. నల్ల గీతలన్నీ కస్తూరివే. జనక మహారాజు, వసిష్ఠులవారు, మేళగాళ్లు, దండలు మోసే ఆడవాళ్లు, చివర ఒక ఏనుగు. నడుమ తలొంచుకున్న సీతమ్మ. ఎరుపు కూడా అయిపోయింది. ఇక మిగిలింది సీతమ్మ చీర పసుపు.

కస్తూరి పాల తపేలా దగ్గర కూర్చుని, కరక్కాయ పొడి కలపబోతూ ఉండగా, గోవిందమ్మ ఫోను మోగింది. గోవిందమ్మ ఫోను చెవిన పెట్టుకుని, "ఆఁ... ఆఁ..." అని, ఉన్నట్టుండి కొట్టం రేకులు అదిరేట్టు అరిచింది.

"ఆడబిడ్డ మే! నా కోడలికి ఆడబిడ్డ పుట్టింది! లచ్చుమమ్మ వచ్చింది మే నా ఇంటికి!"

ఇంక చూడండి. కలాలు ఎక్కడివక్కడ పడిపోయాయి. ఒకతె గోవిందమ్మను వాటేసుకుంది, ఒకతె చక్కెర డబ్బా వెతికింది. గోవిందమ్మ నట్టనడుమ నిలబడి, "నానమ్మనైపోయినా గదా, ఇంక నా కాళ్లు ఎవరు పట్టతారు, వరసగా రాండి" అంటూ కాళ్లు చాచింది. అంతలో ఎవరో, "నోరు తీపి చెయ్యకుండా ఊరికే పోనిస్తామా? కాఫీ పెట్టండి!" అన్నారు. పెద్దమ్మ ఇంట్లో పాలు పొద్దున్నే అయిపోయాయి. అందరి కళ్లూ కస్తూరి ముందున్న తపేలా మీదికి పోయాయి.

కస్తూరి కూడా తపేలా వైపు చూసింది. ఒక్క క్షణం ఆలోచించింది. "సగం తీసుకోండి" అంది. "మొదటిసారి ఆ బట్ట కడుపునిండా తాగింది. గీతలు ఎంత బాగా నిలబడినాయో మీరే చూడండి. ఇప్పుడు దానికేం తక్కువ? ఈసారికి సగం చాలు."

"పెద్దమ్మ చూస్తే?"

"నీళ్లు కలిపితే ఎవరికి తెలస్తాది వదినా? పైకి తెల్లగానే ఉంటాది."

సగం పాలు పొయ్యెక్కాయి. మిగతా సగంలో చెంబుతో నీళ్లు పడ్డాయి. కాఫీ చిక్కగా, నురగతో, చక్కెర దండిగా వేసి, లోటాలు నింపి తాగారు. పెద్దమ్మ ఏటి దగ్గర నుంచి వచ్చేసరికి ఆమెకూ ఒక లోటా సిద్ధంగా ఉంది. ఆమె గోవిందమ్మ నెత్తిన చెయ్యి పెట్టి దీవించి, కాఫీ ఒక గుక్క తాగి, "పాలు ఈ పొద్దు భలే చిక్కగా ఉండాయే!" అంది. గోవిందమ్మ దగ్గింది. బట్ట అప్పటికే ఎండలో ఆరుతూ ఉంది.

మరుసటి రోజు పొద్దున, బట్టను బల్ల మీద పరిచి, కస్తూరి కొత్త కలం తీసుకుంది. దానిమ్మ తొక్కలు ఉడికించిన పసుపులో ముంచింది. సీతమ్మ చీర కుచ్చిళ్ల దగ్గర మొదలుపెట్టి, చక్కగా, గీతకు లోపలగా, ఒంపు తిప్పింది. పని బాగా జరుగుతోందని లోలోపల సంతోషపడింది. కలం మళ్లీ ముంచి వచ్చి చూసేసరికి, పసుపు గీత దాటి ఉంది.

మొదట కొంచెమే. పిల్లి గడప దాటినట్టు దాటింది. తర్వాత ఆగలేదు. సీతమ్మ చీరలోంచి జనకుడి పంచెలోకి పోయింది. పంచె నుంచి పైకెక్కి, వసిష్ఠులవారి గడ్డంలో దూరింది. ఇంకొక పాయ పక్కకు పోయి మేళగాడి చెంప మీద కూర్చుంది.

కస్తూరి కలం పట్టుకుని అట్లానే ఉండిపోయింది. బట్ట మీద రంగు పాకుతోంది. లోపల మాట పాకడం మొదలైంది. 'పసుపు పాడుచేసినాను. బట్ట పాడుచేసినాను. ఇందరి కష్టం పాడుచేసినాను. నేను పట్టుకున్నదేదీ...' ఆ దారి ఆమెకు బాగా తెలుసు. ఆ వానాకాలం అంతా ఆ దారినే నడిచింది. ఇన్నాళ్లూ మళ్లీ రాదనుకున్నది, ఇదిగో, పసుపు రంగులో, తన కళ్ల ముందే, గీత తర్వాత గీత దాటుకుంటూ వస్తోంది. ఈ నెలలో ఇట్లాంటి మాటలు చిన్నవి చిన్నవి ఎన్నోసార్లు గీత దాటినాయని, తనే చూడనట్టు ఉండిందని అప్పుడు తెలిసింది.

అంతలో గోవిందమ్మ తల దూర్చి చూసింది.

"ఓయమ్మో! పెళ్లికూతురుకు పెట్టాల్సిన నలుగు పెళ్లికొచ్చినోళ్లందరికీ పూసేసినావు గదే! వసిష్ఠులవారి గడ్డం చూడండి మే, పసుపు కొమ్ము మాదిరి!"

ఆడవాళ్లు మూగారు. ఏనుగు ఒక్కటే మిగిలిందని ఒకతె అంది. దానికి కూడా నలుగు పెడితే పోలా అని ఇంకొకతె అంది. మునిరత్నమ్మ అందరినీ తప్పుకోమని వచ్చి బట్ట మీద వేలు పెట్టి రుద్దింది. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఒక్కొక్కరి మొహమే వరసగా చూసింది. ఆ చూపుకు గోవిందమ్మ నవ్వు కూడా చప్పబడింది.

"అయితే" అంది పెద్దమ్మ, "నిన్న నేను తాగింది సీతమ్మ పాలా?"

పెద్దమ్మ కడుపు ముందు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత వక్కాకు తుపుక్కున ఊసి, బల్ల పట్టుకుని నవ్వింది. "చిక్కగా ఉండాదని మెచ్చుకోని మరీ తాగితినే! పెళ్లికూతురు నోటికాడి పాలు లాక్కోని తాగినాను గదమ్మా తల్లీ, తప్పు తప్పు" అంటూ సీతమ్మకు చెంపలు వేసుకుంది. ఆ నవ్వుకు కొట్టమంతా నవ్వింది. కస్తూరికి కళ్లలో నీళ్లు ఉన్నాయి, నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి చూడ్డానికి ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"ఏడవడానికి తర్వాత టైముండాది" అంది పెద్దమ్మ. "పసుపు పచ్చిగా ఉండాది. ఆరిందంటే దేవుడు దిగొచ్చినా పోదు. పట్టండి మే! ఏటికి!"

పెళ్లి బట్టను తలో పక్కా పట్టుకుని, పెళ్లికూతురు నేల తాకకుండా, ఆడవాళ్లంతా వీధిలో పరిగెత్తారు. గోవిందమ్మ ముందు నడుస్తూ, నోటితోనే మేళం వాయిస్తూ, "తప్పుకోండి, తప్పుకోండి, సీతమ్మ తానమాడను పోతా ఉండాది" అని అరిచింది. వల్లియమ్మ కొళాయి దగ్గర బిందె పక్కన పెట్టి, ఎందుకో ఏమిటో తెలియకపోయినా, ఒక మూల పట్టుకుని తనూ పరిగెత్తింది.

ఆ ఏడు స్వర్ణముఖిలో నీళ్లున్నాయి. మోకాలి లోతుకు దిగి బట్టను పారే నీళ్లకు వదిలితే, పసుపు దారాలు దారాలుగా విడిచి పోయింది. మిగతావాళ్లు ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకుంటూ దూరం పోయారు. ఒక కొస కస్తూరి చేతిలో, ఒక కొస పెద్దమ్మ చేతిలో మిగిలింది.

కస్తూరి నీళ్ల వైపే చూస్తూ, వినపడీ వినపడనట్టు చెప్పింది. "పెద్దమ్మా, నేను గూడా సగమే వేసుకుంటా ఉండాను."

మునిరత్నమ్మ బట్ట జాడించడం ఆపలేదు.

"ఆ మిగిలిన సగం ఎందుకు మే?" అని అడిగింది. "కాఫీకా?"

కస్తూరి ఎంత ఆపుకుందామనుకున్నా కాలేదు. పక్కున నవ్వింది. ఆ నవ్వులో చేతిలోని కొస జారిపోతే, ఇద్దరూ కలిసి నీళ్లల్లో దాని వెంట పడి పట్టుకున్నారు. తర్వాత కస్తూరి అంతా చెప్పింది. కొళాయి దగ్గరి మాట చెప్పింది, తులసికోట సందు చెప్పింది, ఆస్పత్రికి పోకూడదనుకున్నది కూడా చెప్పింది. పెద్దమ్మ తిట్టలేదు. "దామోదరానికి తెలుసునా?" అని మాత్రం అడిగింది. తెలియదంది. "మరి ఇంటికి పో" అంది పెద్దమ్మ.

దామోదరం అంతా విన్నాడు. విని, "నాకు చెప్పక తులసమ్మకు చెప్పినావా? ఆయమ్మకైనా నిద్ర పడతా ఉండాదో లేదో" అన్నాడు. పోవలసిన రోజు కోసం కూడా ఆగలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ తిరుపతి బస్సెక్కారు. డాక్టరమ్మ కోప్పడుతుందని కస్తూరి దారంతా భయపడింది. ఆమె కోప్పడలేదు. "చెప్పినావు, అదే మేలు" అంది. ఈ మధ్య ఎట్లా ఉందో, నిద్ర ఎట్లా ఉందో అడిగింది. మళ్లీ ఎట్లా వేసుకోవాలో వివరంగా చెప్పింది. "ఇవి ఎప్పటికీ మింగాలని నేను చెప్పటం లేదు. తగ్గించే రోజు వస్తే ఇద్దరం కలిసి మెల్లమెల్లగా తగ్గిద్దాం. నీ అంతట నువ్వు మాత్రం విరవద్దు" అంది. మాట్లాడించే అమ్మాయి దగ్గర కస్తూరి ఆ రోజు పసుపు పాకిన సంగతంతా చెప్పింది. ఆ అమ్మాయి నవ్వి నవ్వి, మేళగాడి చెంప సంగతి ఇంకొకసారి చెప్పించుకుంది.

కొట్టంలో సీతమ్మకు మళ్లీ పాలు పట్టారు. ఆ పూట గోవిందమ్మ తపేలా పక్కన కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. అందరూ నల్ల కాఫీ తాగి, కషాయం తాగినట్టు మొహాలు పెట్టారు. బట్ట ఎండాక కస్తూరి పసుపు వేసింది. ఈసారి అది కుచ్చిళ్ల దాకా పోయింది, అంచు దాకా పోయింది, నల్ల గీతను తాకి నిలబడింది. పక్కనే ఉన్న జనకుడి పంచె మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

మునిరత్నమ్మ వంగి చూసింది. "ఈ పసుపు ఎవరు వేసినారు?"

"నేనే పెద్దమ్మా."

"పాలు వేయలేదా?"

"పాలకు రంగు యాడుంది పెద్దమ్మా!" అంది కస్తూరి నవ్వుతూ. అన్నాక, తాను అన్న మాట తనకే వినపడినట్టు, కలం పట్టుకున్న చెయ్యి కాసేపు గాలిలో ఆగింది. పెద్దమ్మ అప్పటికే ఇంకొకరి బట్ట దగ్గరికి పోయింది.

ఆ తర్వాత కొన్ని వారాలకు కస్తూరి మేనత్త పోయింది. చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మనిషి. కస్తూరి పోయి, శవం దగ్గర కూర్చుని, గుండెలు బాదుకుని ఏడ్చింది. ఇంటికి వచ్చాక కూడా ఏడ్చింది. అత్తగారు గడపలో నిలబడి ఒకటే భయంగా చూసింది. సాయంత్రం కస్తూరి మొహం కడుక్కుని, బియ్యం చాటలో పోసుకుని రాళ్లు ఏరుతూ, "మా అత్త చేసే ఉలవచారు నీకు తెలీదు గదత్తా, రేపు చేస్తా" అంది. అత్తగారు లోపలికి పోయి దేవుడి పటం ముందు దీపం వెలిగించింది. దుఃఖం ఎక్కడికీ పోలేదు. మేనత్త కోసం వచ్చింది, మేనత్త దగ్గరే ఉంది. వంటింట్లోకి రాలేదు, మంచం మీదికి రాలేదు.

పెళ్లి బట్ట పని అంతా ముగిసి, చివరి ఉతుకు రోజు వచ్చింది. అన్ని రంగులూ వేశాక ఒకసారి ఏట్లో బాగా జాడించి ఇసుక మీద ఆరేస్తారు. ఆ రోజు గోవిందమ్మ తన మనమరాలిని కూడా తెచ్చింది. ఆ బిడ్డ ఒళ్లో పడుకుని ఏనుగు వైపు గుడ్లప్పగించి చూస్తుంటే, "నీ కాఫీ తాగినందుకే మే ఇంత గోల" అని దాని బుగ్గ గిల్లింది. ఎండలో సీతమ్మ మెరిసిపోతోంది. గడ్డం తెల్లగా వసిష్ఠులవారు, బుగ్గలు పూరించి మేళగాళ్లు, ఎవరి రంగులో వాళ్లు నిలబడి ఉన్నారు. వల్లియమ్మ చూడ్డానికి వచ్చి, "ఇంత బాగా ఎట్లా వచ్చింది మే?" అని అడిగి, కస్తూరి చెయ్యి పట్టుకుంది. కస్తూరి సిగ్గుపడి తల దించుకుంది. కానీ చెయ్యి విడిపించుకోలేదు.

అందరూ సర్దుకుంటూ ఉండగా, కస్తూరి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, ఆరిన బట్ట అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏటి వాసన వచ్చింది, ఎండ వాసన వచ్చింది. పాల వాసన రాలేదు. తిప్పి వెనకవైపు చూసింది. వేలితో రుద్దింది. జిడ్డు కూడా లేదు.

"పెద్దమ్మా" అంది, "ఇన్నిసార్లు పట్టిస్తిమి. ఒక్క చుక్క కూడా కనపడదే! ఆ పాలన్నీ యాడికి పోయినట్టు?"

మునిరత్నమ్మ బట్ట రెండో కొస మడతకు అందుకుంటూ చెప్పింది.

"రంగు ఆగిన చోట చూడు మే."